ముప్పై ఎనిమిది ఊళ్ళకు ఒకే చుక్క

నన్ను ఎవరైనా "ఎక్సెల్ చేసే అమ్మాయి" అంటే ఆ రోజుకి వాళ్ళతో నాకు మాటలు బంద్. నేను ఎక్సెల్ చేయను. కోడ్ రాస్తాను. అంకెలను తీసుకొని బొమ్మలుగా గీయించే కోడ్. ఈ రెండింటికీ తేడా ఏమిటని అడిగిన వాళ్ళకు మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడం మానేశాను, కోపం మాత్రం మానలేదు.

మా ఆఫీసు కరీంనగర్ మంకమ్మతోటలో, ఒక మందుల దుకాణం పైన రెండో అంతస్తులో ఉంటుంది. చిన్న సంస్థ. ఎండాకాలంలో ఏ ఊరికి నీళ్ళ ట్యాంకర్ అవసరమో ముందుగానే సర్వే చేయించి, ఆ జాబితా అధికారులకు పంపడం మా పని. పెద్దపల్లి నుంచి భైంసా దాకా పన్నెండు మంది సర్వే వాళ్ళు ఊరూరా తిరుగుతారు. ఇళ్ళెన్ని, బోరింగులెన్ని, నీళ్ళు ఏ నెల దాకా వస్తాయి అని అడిగి, ఫోన్‌లో ఫారం నింపి పంపుతారు. ఫారం ఎక్కడ తెరిచారో ఆ చోటును ఫోన్ తనంతట తానే పట్టుకుంటుంది. ఆ చోట్లను చుక్కలుగా గీసి చూపించేది నేను. పేరు ఆరాధన.

రెండేళ్ళుగా నా చుక్కలన్నీ తెల్ల కాగితం మీదే ఉండేవి. ఏ చుక్క ఏ ఊరో నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. మా సార్ ప్రేమ్‌చంద్ ఒకసారి కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు చూసి, "గిదేంది ఆరాధనా, తట్టు పోసినట్టున్నది" అన్నాడు. సార్ మా చర్చి కమిటీలో సెక్రటరీ కూడా. అక్కడ ఎంత మెల్లగా మాట్లాడతాడో ఇక్కడా అంతే మెల్లగా మాట్లాడతాడు, అందుకే తగిలితే గట్టిగా తగులుతుంది. ఆ రోజే అనుకున్నాను, ఈ చుక్కల కింద నేల పరిచి తీరాలని.

కోడ్‌లో అది పెద్ద పని కాదు. నాలుగు వరుసలు. మనకు కావలసిన జాగాకు నాలుగు వైపులా హద్దులు చెప్పాలి. ఆ హద్దుల మధ్య నేలను పైనుంచి తీసిన ఫోటోలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. వాటిని అతికించి పరచాలి. దాని మీద చుక్కలు పెట్టాలి. మేడ మీద పాత చీర పరిచి వడియాలు పెట్టినట్టే.

నాలుగు వరుసలకు నాకు నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు చుక్కలు వచ్చాయి, నేల రాలేదు. రెండో రోజు నేల వచ్చింది, చుక్కలు మాయం. మూడో రోజు రెండూ వచ్చాయి గాని చుక్కల కింద పొలాలు లేవు, చెరువులు లేవు, అంతా తెల్లగా ఉంది. ఏమిటా అని చూస్తే మంచు. కరీంనగర్ జిల్లా బోరింగులన్నీ పోయి నార్వేకి పైన, తెల్ల ఎలుగుబంట్లు తిరిగే దీవుల్లో పడ్డాయి. మనం నోటితో అక్షాంశం ముందు చెబుతాం, రేఖాంశం తర్వాత. కోడ్‌కు రేఖాంశం ముందు కావాలి. మన పద్దెనిమిదీ డెబ్బై తొమ్మిదీ తారుమారైతే తేలేది ఆ మంచులోనే. తెల్ల కాగితం మీద ఉన్నన్నాళ్ళూ ఈ తప్పు ఎవరికీ కనిపించేది కూడా కాదు.

నాలుగో రోజు చుక్కలన్నీ మన జిల్లాలకు తిరిగొచ్చాయి. ఊళ్ళ కప్పులు, వరి మళ్ళు, గుట్టలు, గ్రానైటు క్వారీల గుంటలు, అన్నీ కనిపిస్తుంటే వాటి మీద ఎర్రటి చుక్కలు. నా కళ్ళకు అది ఎంత బాగుందో చెప్పలేను. ఆ ఊపులోనే మంగళవారం మీటింగులో దాన్ని గోడ మీద వేసి చూపించాను.

దగ్గర ఊళ్ళ సర్వే వాళ్ళు ఏడుగురు వచ్చారు. పెద్దపల్లి జోయల్ గోడ దగ్గరికి వెళ్ళి తన చుక్కలను ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ, "గిది మా అత్తగారిల్లు, గిక్కడ నాకు కోడికూర పెట్టిండ్రు" అని మురిసిపోయాడు. అందరూ లేచి తమ తమ ఊళ్ళు వెతుక్కున్నారు. నేను పొంగిపోతూ బొమ్మను పైకి జరిపాను, భైంసా వైపు.

అక్కడ ఒక్కటే చుక్క ఉంది.

నేను చుక్కలకు పలచటి రంగు పెట్టాను. ఒకదాని మీద ఒకటి పడితే రంగు ముదురుతుంది. మిగతా చుక్కలు దానిమ్మ గింజల్లా ఉంటే ఇదొక్కటి నల్లబడిపోయి ఉంది. పట్టికలో చూశాను. ముప్పై ఎనిమిది ఊళ్ళ ఫారాలు, అన్నీ ఒక చెరువు గట్టు మీద, పది గజాల లోపల. అన్నీ పంపింది గంగుబాయి. భైంసా దాటాక గుట్టల వైపు ఊళ్ళు ఆమెవి. దూరమని ఆమె ఆ రోజు మీటింగుకు రాలేదు.

నా నోరు ఊరుకుంటే నేను ఆరాధనను ఎలా అవుతాను?

"సార్, ముప్పై ఎనిమిది ఊర్లు గంగుబాయి దగ్గరికే నడిచొచ్చినట్టున్నయ్. పాపం ఆమె గట్టు మీదికెళ్లి లేవనే లేవలే" అన్నాను.

గది మొత్తం గొల్లుమంది. జోయల్ బల్ల కొట్టి మరీ నవ్వాడు. సార్ నవ్వలేదు.

"టైం ఏమున్నది చూడు" అన్నాడు.

"అన్నీ సాయంత్రం అయిదున్నర, ఆరున్నర నడుమ సార్. సల్లగాలికి షికారు పోయింది కావచ్చు."

మళ్ళీ నవ్వులు. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మధ్యాహ్నానికల్లా సర్వే వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయన మెసేజ్ పడింది. "సర్వే చేయకుండా ఒకే చోట కూర్చొని ఫారాలు నింపినందుకు గంగుబాయిని పనిలోంచి తీసేస్తున్నాము. ఆమె పంపిన ఊర్లు జాబితాలో ఉండవు. మిగతా వారు జాగ్రత్తగా ఉండగలరు." జాబితా శుక్రవారం వెళ్ళాలి.

దాన్ని చదివి నేను ఏమనుకున్నానో కూడా చెప్పేస్తాను. నా మ్యాప్ దొంగను పట్టిందని సంబరపడ్డాను.

గురువారం సార్ పెద్దపల్లి వెళ్ళాడు. ఆఫీసులో నేనొక్కదాన్నే డబ్బా తెరిచి అన్నం తింటున్నాను. మెట్లు ఎక్కి ఒకావిడ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. యాభై దగ్గర ఉంటాయి. కచ్చ పోసి కట్టిన చీర, చంకలో చేసంచి, మెట్లకు కాస్త ఆయాసం.

"మ్యాప్ తీసే పోరి ఎవ్వరు?" అంది.

"నేనే. ఏం గావాలె?"

"నేను గంగుబాయిని."

డబ్బా మూత పెట్టేశాను. ఆమెను నేను జనవరిలో ట్రైనింగ్‌లో ఒక్కసారే చూశాను, పన్నెండు మందిలో ఒకరిగా. మొహం గుర్తు లేదు. భైంసా నుంచి పొద్దున మొదటి బస్సు ఎక్కి, నిర్మల్‌లో మారి వచ్చిందట.

"సార్ లేడు. సాయంత్రం వస్తడు" అన్నాను.

"సార్‌తోని తర్వాత మాట్లాడ్త. మొన్న అందరికి చూపెట్టినవంట కద, గా మ్యాప్ నాకు సుత చూపెట్టు."

చెయ్యి కడుక్కొని వచ్చి కంప్యూటర్‌లో తెరిచాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చుంది. తెర దగ్గరికి వంగి చూసింది. పైనుంచి తీసిన ఫోటో మొదటిసారి చూసేవాళ్ళకు అది పాచి పట్టిన గోడలా ఉంటుంది.

"గిండ్ల నేనేడున్న?"

నల్ల చుక్కను చూపించాను. అది పెద్దగా కనిపించేలా దగ్గరికి తెచ్చాను. నీళ్ళు, గట్టు, గట్టు మీద దారి.

"అవు, గిది మా చెరువే. గట్టు గిదే" అంది. ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది కూడా. "మరి నా ఊర్లేవి?"

"గదే అక్కా మేము అడిగేది. నీ ఊర్లేవి?" అన్నాను. గొంతులో ఎకసెక్కం నాకే వినిపించింది.

ఆమె కోపం తెచ్చుకోలేదు. సంచిలోంచి పొడుగాటి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. అట్టకు పాత క్యాలెండర్ కాగితం వేసి ఉంది. ఊరికొక పేజీ. పైన ఊరి పేరు, తేదీ, ఇళ్ళు ఎన్ని, బోరింగులు ఎన్ని, వాటిలో చెడిపోయినవి ఎన్ని, ఆడవాళ్ళు నీళ్ళకు ఎంత దూరం పోతున్నారు. పేజీ కింద ఆ ఊళ్ళో ఎవరిదో ఒకరి సంతకం, లేదంటే వేలిముద్ర. మొత్తం ముప్పై ఎనిమిది.

"మరి గివన్ని తిరిగి రాసినంక, ఫారం ఆ ఊర్లనే ఎందుకు నింపలే? గట్టు మీద ఎందుకు నింపినవ్?"

గంగుబాయి నన్ను వింతగా చూసింది.

"నువ్వే చెప్పినవ్ కద బిడ్డా."

"నేనా?"

ఆమె బుక్కును వెనక్కి తిప్పి మొదటి పేజీ తీసింది. జనవరి ట్రైనింగ్ తేదీ ఉంది. దాని కింద గుండ్రటి అక్షరాలతో, కింద గీత గీసి మరీ రాసుకుంది. "టవర్ నిండ ఉన్నకాడనే ఫారం తెరవాలె. లేకుంటే ముట్టద్దు. ఆరాధన మేడం చెప్పింది."

ఆ మాట నాదే. చదవగానే గుర్తొచ్చింది. ఆ రోజు ఎవరో ఫారం పంపుతుంటే మధ్యలో ఆగిపోయింది. ఎందుకాగింది, ఎందుకాగింది అని నాలుగుసార్లు అడిగారు. అప్పటికి ఒంటిగంట దాటింది, కింద బిర్యానీ పొట్లాలు వచ్చాయి, నాకు ఆకలికి తిక్క రేగింది. టవర్ నిండుగా ఉంటేనే ఫారం తెరవండి, లేకుంటే ముట్టుకోకండి అని ఒక్క అరుపు అరిచి ట్రైనింగ్ ముగించాను. నిజానికి ఫోన్ చోటును పట్టుకోవడానికి టవర్ అక్కర్లేదు. ఫారం ఏ ఊళ్ళో నింపాలో ఆ ఊళ్ళోనే నింపి, టవర్ ఉన్నచోటికి వచ్చాక పంపితే సరిపోతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఆ రోజు చెప్పడానికి ఓపిక లేకపోయింది, అంతే. మైదానం ఊళ్ళ వాళ్ళకు ఎక్కడ నిలబడ్డా టవర్ ఉంటుంది కాబట్టి వాళ్ళకు ఏమీ కాలేదు.

"మా దిక్కు టవర్ చెరువు గట్టు మీదనే వస్తది" అంది గంగుబాయి. "ఊరంత గాడికే పోయి ఫోన్లు మాట్లాడ్తరు. నేను పొద్దంత తిరిగి బుక్కుల రాస్కున్న. పొద్దు గూకే యాళ్లకు గట్టెక్కి ఒక్కొక్కటి ఫోన్ల ఎక్కిచ్చిన. గా చిన్న అక్షరాలకు కండ్లు గుంజినయ్. అయినా మేడం చెప్పింది కద అని ఒక్క ఫారం సుత టవర్ లేనికాడ ముట్టలే."

నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, చెవులు వేడెక్కే సిగ్గు. పన్నెండు మందిలో నా మాటను రాసుకొని, గీత గీసుకొని, అక్షరం తప్పకుండా పాటించింది ఈమె ఒక్కతే. ఈమె మీదే నేను నలుగురినీ నవ్వించాను.

క్షమించమని అడగాలని నోరు తెరిచాను. నా నోరు ఎకసెక్కానికి వచ్చినంత తొందరగా దానికి రాలేదు. "అక్కా, అన్నం తిన్నవా?" అని మాత్రం అడగగలిగాను. రొట్టె తెచ్చుకున్నానంది. జొన్నరొట్టె, పల్లీల పొడి. నా డబ్బాలోంచి పప్పు వేశాను. తిన్నాక ఇద్దరం మళ్ళీ మ్యాప్ ముందు కూర్చున్నాం.

ఊళ్ళ పేర్లు ఆ ఫోటోలో లేవు. ఫోటోకు బదులు చుక్కల కింద పరిచే ఇంకో రకం మ్యాపులో కొన్ని పేర్లు ఉంటాయి, గంగుబాయి ఊళ్ళలో నాలుగింటికే ఉన్నాయి. మిగతావి ఎక్కడున్నాయో ఆమె తప్ప చెప్పేవాళ్ళు లేరు. ఆమెకేమో మ్యాప్ కొత్త.

"గట్టు మీద నిలబడ్డ అనుకో అక్కా. మొదటి ఊరికి ఎట్ల పోయినవ్?"

ఆమె చూపుడువేలు తెర మీద పెట్టింది. "తూము దిక్కు దిగిన. వాగు పట్టుకొని పోయిన. వాగు రెండుసార్లు దాటాలె." వేలు వాగు వెంట నడిచింది. ఒకసారి దాటింది, రెండోసారి దాటింది. "గిక్కడ మామిడి తోట ఉంటది." నిజంగానే వరుసగా ముదురాకుపచ్చ చుక్కలు. "తోట దాటంగనే తండా." వేలు ఆగిన చోట కప్పులు కనిపించాయి.

ఆ చోటు మీద నొక్కి దాని అంకెలు తీసి పట్టికలో రాశాను. ఒక ఊరు.

"నీ బుక్కుల ఇండ్లు ఎన్ని?"

"ఇరవై మూడు."

కప్పులు లెక్కపెట్టాను. "ఇరవై నాలుగున్నయ్ అక్కా."

"ఒకటి బడి. బడిని ఇల్లని ఎట్ల రాస్త?" అంది గంగుబాయి, నా చదువు మీద అనుమానం వచ్చినట్టు.

అలా ఒక్కో ఊరూ నడిచాం. నేను కుర్చీలో, ఆమె వేలు తెర మీద. తెర నిండా ఆమె వేలిముద్రలు. మొదటి పది ఊళ్ళకు గంట పట్టింది. తర్వాత ఆమెకు కిటుకు తెలిసిపోయింది. "జర వెనక్కి గుంజు, జర దగ్గరికి తే" అని నాకే హుకుంలు ఇవ్వడం మొదలుపెట్టింది. నేను తప్పు వాగు మీద నొక్కితే చేతి మీద కొట్టింది కూడా.

ముప్పై ఒకటో ఊరి దగ్గర మాకు గొడవ అయింది. ఆమె వేలు వాగుకు ఇటు వైపు, ఖాళీ చేను మీద ఆగింది. కప్పులేమో వాగుకు అటు వైపు ఉన్నాయి.

"అక్కా, ఊరు గక్కడున్నది చూడు."

"గక్కడ ఎవ్వరుండరు. మొండి గోడలే. నీళ్లు అందుతలేవని ఊరంత గిటు దిక్కు వచ్చింది."

"పైకెళ్లి తీసిన ఫోటో అక్కా ఇది. అబద్ధం చెప్పదు."

"అబద్ధం చెప్పలే. పాతది చెప్పింది" అంది ఆమె తాపీగా.

ఫోటో తీసిన తేదీ వెతికితే ఆరేళ్ళ కిందటిది. ఆ ఊరు వాగు దాటింది నాలుగేళ్ళ కిందట. నేను నోరు మూసుకొని ఖాళీ చేను మీద చుక్క పెట్టాను. ముప్పై ఎనిమిదోది పెట్టేసరికి నాలుగున్నర అయింది. కోడ్ నడిపించాను. గట్టు మీది నల్ల చుక్క పోయింది. గుట్టల నిండా, వాగుల వెంట, ముప్పై ఎనిమిది ఎర్ర చుక్కలు విచ్చుకున్నాయి. గంగుబాయి ఒక్కొక్క దాన్నీ చూసి పేరు చెప్పుకుంటూ పోయింది.

సార్ వచ్చేసరికి ఇద్దరం చాయ్ తాగుతున్నాం. ఆమెను చూసి ఆయన మొహం బిగుసుకుంది. నేను మ్యాప్ చూపించాను, బుక్కు చూపించాను. ఆయన ఒక ఊరి పేజీ తీసి, తెర మీద ఆ ఊరి కప్పులను వేలితో లెక్కపెట్టాడు. ఇంకో ఊరు లెక్కపెట్టాడు. మూడో ఊళ్ళో ఒక ఇల్లు ఎక్కువ వచ్చింది.

"గది పాల కేంద్రం సార్" అన్నాను నేను. అప్పటికి నాకూ అన్నీ వచ్చేశాయి.

ఆయన బుక్కు మూసి పెట్టాడు. "తప్పయింది గంగుబాయీ. ఫోన్ల ఏదో గడబిడ అయినట్టున్నది. రేపు జాబితాల నీ ఊర్లన్ని పోతయ్. నువ్వు ఎప్పటిలెక్కనే పని చేసుకో."

గంగుబాయి తల ఊపింది. "మరి గ్రూపుల ఏమని పెడ్తరు సార్?"

"ఫోన్ల తప్పని పెడ్త."

ఆమె నా వైపు చూడలేదు. మొదటి పేజీ సంగతి ఎత్తలేదు. బుక్కు తీసుకొని సంచిలో పెట్టుకుంది. ఫోన్ తప్పు అంటే అందరికీ హాయిగా ఉంటుంది. ఫోన్ ఏమీ అనుకోదు. నేను కూడా ఒక నిమిషం పాటు అదే మంచిదనుకున్నాను. నిమిషం అంటే నిజంగా నిమిషం, గోడ గడియారం చూస్తూనే ఉన్నాను.

"ఫోన్ తప్పు కాదు సార్" అన్నాను. "నేనే తప్పు నేర్పిన. టవర్ ఉన్నకాడనే ఫారం తెరవమని ట్రైనింగ్‌ల నేనే చెప్పిన. అక్క నేను చెప్పినట్టే చేసింది."

సార్ కళ్ళజోడు తీశాడు. "అంటే నేర్పింది నువ్వే, నవ్వింది నువ్వే" అన్నాడు మెల్లగా.

నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

గ్రూపులో మెసేజ్ నేనే పెడతానన్నాను. రాయడం మొదలుపెట్టగానే గంగుబాయి ఆపింది. "రాస్తే మా దిక్కు సగం మంది చదువరు. నోటితోని చెప్పు."

ఫోన్ దగ్గర పెట్టుకొని రికార్డు చేశాను. "కొన్ని సాంకేతిక కారణాల వల్ల" అని మొదలుపెట్టానో లేదో ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"కారణాలు కాదు. నువ్వు."

రెండోసారి "సర్వేలో ఒక పొరపాటు జరిగింది" అన్నాను.

"ఎవ్వరితోని జరిగింది?"

నేను చర్చిలో పాటలు పాడతాను, మైకు ముందు నిలబడటం నాకు కొత్త కాదు. అయినా మూడోసారికి గాని మాట సరిగ్గా రాలేదు. "నేను కరీంనగర్ నుంచి ఆరాధనను మాట్లాడుతున్న. గంగుబాయి తన ఊర్లన్ని తిరిగింది. ఇండ్లు, బోరింగులు అన్నీ రాసుకున్నది. ఫారం ఎక్కడ తెరవాలెనో నేనే తప్పు నేర్పిన. నా తప్పు నాకు తెల్వక ఆమె మీద నవ్విన. ఆమె అబద్ధం చెప్పలే. ఆమె ఊర్లన్ని జాబితాల ఉన్నయ్."

గంగుబాయి ఫోన్ చెవికి ఆనించుకొని మొత్తం విన్నది. ఇంకోసారి పెట్టించుకొని విన్నది. "ఆఁ, గిట్ల" అంది. గ్రూపులో పెట్టాను. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆమె సంచి భుజానికి తగిలించుకుంటూ, "గిది నా ఫోన్ల ఉంటది కద? పోకుంట ఉంటది కద?" అని అడిగింది.

"ఉంటది. ఎందుకక్కా?"

"ఊరూరికి తీస్కపోయి వినిపియ్యాలె."

"గ్రూపుల పెట్టినం కద, చాలదా?"

"గ్రూపుల పన్నెండు మందే. మొన్నటి మెసేజ్ ఎవరో భైంసాల నలుగురికి పంపిండ్రు. సంతల ఒకరికొకరు చెప్పుకున్నరు. నిన్న బోరింగు కాడ నన్ను నిలబెట్టి అడిగిండ్రు, మా పేర్లు రాసినవా, గట్టు మీద కూసొని పోయినవా అని. వేలిముద్ర ఏసిన ముసలమ్మ సుత అడిగింది." ఆమె భుజం మీది సంచి సర్దుకుంది. "నువ్వు ఒక్కసారే అన్నవ్. గది ముప్పై ఎనిమిది ఊర్లకు పోయింది. గిది సుత పోవాలె కద బిడ్డా."

సర్వేకు ఆ ఊళ్ళన్నీ తిరగడానికి ఆమెకు పదకొండు రోజులు పట్టింది. నేను ఆ మాట అనడానికి పట్టింది ఒక గుక్క. ఆమె మెట్లు దిగుతుంటే వెనకే దిగాను. బస్టాండ్‌కు ఆటో ఎక్కించి, అప్పుడు చెప్పాను.

"అక్కా, నేను సుత వస్త. రేపు జాబితా పంపి, శనివారం బస్సుకు వస్త. ఫోన్ల ఎందుకు, నేనే చెప్త."

గంగుబాయి నా చెప్పుల వైపు చూసింది. "గివ్వి పనికిరావు. బూట్లేసుకొని రా" అంది. ఆటో కదిలింది.

సార్ సెలవు ఇచ్చాడు. ఎందుకని అడగలేదు, ఎన్ని రోజులని మాత్రం అడిగాడు. శుక్రవారం జాబితా వెళ్ళింది, అన్ని ఊళ్ళతో సహా. శనివారం భైంసాలో బస్సు దిగాను. ఆ రోజు ఆమె ఇంట్లోనే పడుకొని, ఆదివారం పొద్దున ఇద్దరం తూము వైపు దిగి వాగు పట్టుకొని నడిచాం. కంప్యూటర్‌లో అరంగుళం ఉన్న దారి, రెండు గంటలు నడిచాం. వాగు రెండుసార్లు దాటాం. మామిడి తోట వచ్చింది. దాని అవతల తండా.

బోరింగు దగ్గర ఏడెనిమిది మంది ఆడవాళ్ళు బిందెలతో ఉన్నారు. గంగుబాయిని చూసి ఎవరూ పలకరించలేదు. బోరింగు కొడుతున్న ఆమె కొడుతూనే ఉంది. నేను ముందుకెళ్ళి నిలబడి చెప్పాను. కరీంనగర్‌లో ఎన్నిసార్లు చెప్పుకొని చూసుకున్నానో, అయినా మాటలు తడబడ్డాయి. నేనే తప్పు నేర్పాను, నేనే నవ్వాను, ఆమె మీ ఇరవై మూడు ఇళ్ళూ రాసింది, బడిని వేరే రాసింది అని చెప్పాను. బోరింగు చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

ఒక ముసలామె బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి వెళ్ళింది. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి, కొంగుతో తుడిచి, నీడలో వేసింది.

"కూసో గంగుబాయీ. ఎండన పడి వచ్చినవ్" అంది.

గంగుబాయి కూర్చుంది. ఆమెకు నీళ్ళిచ్చారు. తలా ఒక మాట మాట్లాడించారు. నాకెవరూ కుర్చీ వేయలేదు. నేను నిలబడే ఉన్నాను. ఇంకా ముప్పై ఏడు ఊళ్ళున్నాయి.